బట్టల కంపెనీల పర్యావరణ నివేదికలు: చదువవలసిన తీరు, సరిచూడవలసిన తీరు

అన్నము తరువాత మానవునకు ముఖ్యావసరము వస్త్రము. మన దేశములో వ్యవసాయము తరువాత అత్యధిక సంఖ్యాకులకు జీవనోపాధి కల్పించుచున్నదియు వస్త్ర పరిశ్రమయే. చేనిలో పగిలిన ప్రత్తికాయ చొక్కాయై అంగడికి చేరులోపల ఎన్నో గడపలు దాటవలసియున్నది. జిన్నింగు మిల్లులో గింజ వేరగును. నూలు మిల్లులో దారమగును. మగ్గముపైననో, అల్లిక యంత్రముపైననో గుడ్డయగును. అద్దకపుశాలలో చలువయు, రంగును పొందును. కుట్టు కర్మాగారములో రూపము దాల్చును. ప్రతి గడపవద్దను కొంత నీరు, కొంత విద్యుత్తు, కొన్ని రసాయనములు ఖర్చగుచున్నవి. ప్రతి గడపవద్దను కొంత వ్యర్థము మిగులుచున్నది.

ఆ వ్యర్థము ఎచ్చటికి పోవుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానముగా నేడు పెద్ద బట్టల కంపెనీలు ఏటేట ఒక పుస్తకమును ప్రకటించుచున్నవి. తాము ఎంత నీరు వాడినదియు, ఎంత బొగ్గు కాల్చినదియు, ఎంత మురుగును శుద్ధి చేసినదియు అందు వ్రాయుదురు. దీనికి సుస్థిరతా నివేదిక అని పేరు. చక్కని ముద్రణ, పచ్చని చేల చిత్రములు, నవ్వుచున్న రైతుల ఛాయాచిత్రములు అందు కానవచ్చును. పట్టణములలోని పెట్టుబడిదారులు చదువుకొను పుస్తకముతో పల్లెలవారికేమి పని యని తలచుట పొరపాటు. ప్రత్తి మనది, నీరు మనది, మురుగు వచ్చి చేరు వాగును, చెరువును మనవే.

తెలంగాణములో వరంగల్లు సమీపమున కాకతీయ మెగా వస్త్ర పార్కునకు 2017లో శంకుస్థాపన జరిగినది. 2023లో కేంద్ర ప్రభుత్వము ఏడు రాష్ట్రములలో నెలకొల్పదలచినట్లు ప్రకటించిన పి.ఎం. మిత్ర వస్త్ర పార్కులలో ఒకటి తెలంగాణమునకు లభించినది. ఉపాధి వచ్చుట సంతోషకరమే. ఐనను ఉపాధితోపాటు మరేమి రాగలదో ముందుగా తెలిసికొని యుండుట వివేకము. కావున ఈ పాఠములో మూడు సంగతులు నేర్చుకొందము: వస్త్ర పరిశ్రమవలన నీటికిని, నేలకును కలుగు హాని యెట్టిది, నివేదిక యనగానేమి, అందలి మాట నిజమో కాదో గ్రామస్థుడు ఎట్లు సరిచూడగలడు.

అడంగలు – అజమాయిషీ

ముందుగా మనకు తెలిసిన ఒక విషయమును జ్ఞప్తికి తెచ్చుకొందము. గ్రామ లెక్కలలో అడంగలు అను పుస్తకము కలదు. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేసిరో, ఎంత విస్తీర్ణమున వేసిరో అందు వ్రాయుదురు. అడంగలులో వరి యని వ్రాసినంత మాత్రమున చేనిలో వరి పండదు. అందుచేతనే అజమాయిషీ అను పద్ధతిని పెద్దలు ఏర్పరచిరి. అనగా అధికారి స్వయముగా పొలము గట్టుమీదికి పోయి, పుస్తకములోని వ్రాతను చేనిలోని పైరుతో పోల్చి చూడవలెను. చావడిలో కూర్చుండి సంతకము చేసిన అజమాయిషీ అజమాయిషీ కాదు.

కంపెనీ నివేదిక అడంగలు వంటిది. అది అవసరమే, లెక్క లేనిదే తనిఖీ లేదు. కాని లెక్కయే నిజమని నమ్ముట తగదు. ఈ తారతమ్యమును మనస్సునందుంచుకొని తమిళనాడులో జరిగిన ఒక యథార్థ వృత్తాంతమును పరిశీలింతము.

నొయ్యల్ నది నేర్పిన పాఠము

కోయంబత్తూరు జిల్లాలో పడమటి కనుమలకు చెందిన వెల్లింగిరి కొండలలో నొయ్యల్ నది పుట్టి, తిరుప్పూరు పట్టణము మీదుగా ప్రవహించి, కరూరు జిల్లాలో కావేరిలో కలియుచున్నది. తిరుప్పూరు బనియన్లకును, అల్లిక బట్టలకును దేశమున పేరెన్నికగన్న స్థానము. అచ్చట తయారైన బట్టలు యూరపు, అమెరికా ఖండముల అంగళ్లకు పోవుచున్నవి. 1980 తరువాత ఎగుమతులు విస్తరించినకొలది అద్దకపుశాలలును, చలువ కర్మాగారములును వందలకొలది వెలసెను. వాని మురుగు నొయ్యల్‌లో పడసాగెను.

నది దిగువన ఒరత్తుపాలయమువద్ద సాగునీటి కొరకు ఒక ఆనకట్టను నిర్మించిరి. అది 1992లో వాడుకలోనికి వచ్చెను. కాని కొలది సంవత్సరములలోనే ఆ జలాశయము సాగునీటికి మారుగా అద్దకపు మురుగును నిలువచేయు తొట్టిగా మారెను. ఆ నీరు పారించిన నేల చౌడుబారెను. చుట్టుప్రక్కల బావులలోని నీరు ఉప్పెక్కెను. నీటికొరకు కట్టిన ఆనకట్ట నీరు మాకు వద్దని ఆయకట్టు రైతులే మొరపెట్టుకొనవలసిన దుస్థితి దాపురించెను.

ఇక్కడ ఒక శాస్త్ర విషయమును గ్రహింపవలెను. ప్రత్తిబట్టకు రంగు గట్టిగా పట్టుటకు అద్దకపు తొట్టిలో ఉప్పును విస్తారముగా కలుపుదురు. రంగు కొంత బట్టకు పట్టును. ఉప్పు మాత్రము బట్టలో నిలువక యావత్తును నీటితోనే వెడలిపోవును. తొలుత నిర్మించిన శుద్ధి కేంద్రములు మురుగులోని రంగును, మురికిని చాలవరకు తీయగలిగెను. కాని నీటిలో కరిగిన ఉప్పును తీయలేకపోయెను. కంటికి తేటగా కనుపించు నీరు సయితము పొలమును చంపగలదని దీనివలన తెలియుచున్నది. నీటిలో కరిగియున్న లవణముల మొత్తమును కొలుచుటకు టి.డి.ఎస్. అను కొలత కలదు. భూతలముపైకి విడుచు పారిశ్రామిక జలములో లీటరుకు 2,100 మిల్లీగ్రాములకు మించి లవణములు ఉండరాదని మన దేశములో నియమము. "నీటిని శుద్ధి చేసితిమి" అను మాట విన్నప్పుడు "రంగు తీసితిరా, ఉప్పు తీసితిరా?" అని ఎదురడుగవలెనని నొయ్యల్ రైతులు అనుభవముమీద నేర్చుకొనిరి.

వారు ఊరకుండలేదు. నొయ్యల్ నదీ ఆయకట్టుదారుల రక్షణ సంఘముగా ఏర్పడి మద్రాసు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. అద్దకపుశాలలు ఒక్క చుక్క మురుగును కూడ బయటికి విడువరాదనియు, కలిగిన నష్టమునకు పరిహారము చెల్లింపవలెననియు 2006లో ఆ న్యాయస్థానము ఆదేశించెను. 2009లో సుప్రీంకోర్టు కూడ హాని చేసినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రమును దృఢపరచెను. అప్పటికిని పరిస్థితి చక్కబడకపోవుటచే, 2011 జనవరి 28వ తేదీన ఉన్నత న్యాయస్థానము తిరుప్పూరులోని అద్దకపుశాలలన్నిటిని మూసివేయవలసినదిగా ఉత్తరువు చేసెను. 700కు పైబడిన శాలలు మూతబడెను. వేలకొలది కార్మికులు పనిలేక బాధపడిరి. ఈ బాధ స్వల్పమైనది కాదు. నదిని రక్షింపవలసిన కాలమున రక్షింపకపోయినచో తుదకు రైతును, కూలియు ఇరువురును నష్టపడుదురని ఇందువలన స్పష్టమగుచున్నది.

తరువాత శుద్ధి కేంద్రములను సంస్కరించి, పరీక్షింపజేసి, క్రమముగా శాలలను తెరచిరి. రాష్ట్ర ప్రభుత్వము వడ్డీలేని ఋణమిచ్చి సహాయపడెను. నేడచ్చట అనుసరించు పద్ధతి యిది: మురుగును మొదట సూక్ష్మజీవులచే శుద్ధి చేయుదురు, పిమ్మట రివర్స్ ఆస్మాసిస్ అను పద్ధతిలో మిక్కిలి సన్నని పొరలగుండ వడబోసి మంచినీటిని వేరుచేయుదురు, మిగిలిన చిక్కని ఉప్పునీటిని కాచి ఆవిరిగా మార్చి ఉప్పును రాబట్టుదురు. నీటిలో అధిక భాగమును, ఉప్పులో కొంత భాగమును మరల అద్దకమునకే వాడుదురు.

ఐనను సమస్య పూర్తిగా తీరినదని చెప్పరాదు. ఉప్పునీటిని కాచుటకు ఇంధనము విస్తారముగా కావలెను. తిరిగి వాడుటకు వీలులేని మిశ్రమ లవణము గుట్టలుగా మిగులుచున్నది. దానిని వాన తగులకుండ భద్రపరుపవలెను. ఈ ఖర్చు వలన అద్దకపు కూలి పెరిగినది. ఇచ్చటనే అసలు ప్రశ్న కలదు. తిరుప్పూరులో బట్ట కొను విదేశీ కంపెనీ, తన నివేదికలో "మా బట్టల అద్దకమువలన నదిలోనికి ఒక్క చుక్క మురుగు పోవుట లేదు" అని గర్వముగా వ్రాసికొనవచ్చును. కాని ఆ చుక్కను ఆపుటకైన ఖర్చును బట్ట ధరలో కలిపి యిచ్చినదా? లేక ఇంకను చౌకగా ఇచ్చు మరొక ఊరు వెదకికొన్నదా? బాధ్యత యనగా కాగితముపై వ్రాయుట కాదు. దానికగు మూల్యములో తన వంతు భరించుట.

నివేదికలు పుట్టిన విధము

కంపెనీలు ఇట్టి లెక్క చెప్పవలెనను ఆలోచన క్రొత్తది కాదు. 1989లో అమెరికాలోని అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ అను నూనె ఓడ పగిలి సముద్రము కలుషితమైన పిమ్మట ఈ కోరిక బలపడెను. 1997లో బోస్టన్ నగరమున గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్ అను సంస్థ యేర్పడి, నివేదికలలో ఏమేమి వ్రాయవలెనో 2000 సంవత్సరములో తొలి మార్గదర్శక సూత్రములను వెలువరించెను.

మన దేశములో స్టాక్ మార్కెట్లను నియంత్రించు సెబీ సంస్థ 2012లో మొదటి 100 పెద్ద కంపెనీలు బాధ్యతా నివేదిక నీయవలెనని నియమించెను. 2021లో దానిని సమగ్రముగా సంస్కరించి, బి.ఆర్.ఎస్.ఆర్. అను క్రొత్త నమూనాను ప్రకటించెను. 2022–23 ఆర్థిక సంవత్సరమునుండి మొదటి 1,000 కంపెనీలకు ఇది విధాయకము. ఏ మూలమునుండి ఎంత నీరు తీసిరి, ఎంత ఖర్చుచేసిరి, ఎంత విడిచిరి, శుద్ధిచేసి విడిచిరా, చేయకయే విడిచిరా — ఇట్టి ప్రశ్నలకు ఇందు జవాబులు వ్రాయవలసియున్నది. అంతేకాదు, ఆ సంవత్సరములో చుట్టుప్రక్కల ప్రజలనుండి వచ్చిన ఫిర్యాదులెన్ని, వానిలో తీరనివెన్ని అను సంఖ్యలు కూడ చూపవలెను. గ్రామస్థులు ఈ గడిని ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగును.

అయితే దీనికి హద్దులు కలవు. స్టాక్ మార్కెట్టులో నమోదు కాని కంపెనీలకు ఈ నియమము వర్తింపదు. చిన్న అద్దకపుశాలలు చాలవరకు ఇట్టివే. పెద్ద కంపెనీలు తమకు సరకు సమకూర్చువారి వివరములు తెలుపు విషయమును 2025లో సెబీ వారి యిష్టమునకే వదలివేసెను. కావున మురుగు ఎక్కువగా పుట్టు చోటును, లెక్క గట్టిగా అడుగబడు చోటును వేరువేరుగా ఉండుట సంభవించుచున్నది.

నివేదికను చదువునప్పుడు గమనింపవలసినవి

మొదటిది: మొత్తమా, వంతా? ఒక ఉదాహరణము ఊహింతము. ఒక కంపెనీ చొక్కా ఒక్కింటికి 100 లీటర్ల నీరు వాడుచుండెను. మంచి యంత్రములు తెచ్చి దానిని 80 లీటర్లకు తగ్గించెను. "నూటికి ఇరువది వంతులు నీరు ఆదా చేసితిమి" అని నివేదికలో వ్రాసెను. మాట నిజమే. కాని మునుపు ఏటికి 10 లక్షల చొక్కాలు చేయునది ఇప్పుడు 20 లక్షలు చేయుచున్నది. మునుపటి నీటి ఖర్చు 10 కోట్ల లీటర్లు. ఇప్పటి ఖర్చు 16 కోట్ల లీటర్లు. చొక్కా లెక్కలో ఆదా. వాగు లెక్కలో నష్టము. వాగునకు వంతులతో పనిలేదు, మొత్తముతోనే పని.

రెండవది: ఎవరి లెక్క? వాతావరణమును వేడెక్కించు వాయువులను లెక్కించునప్పుడు మూడు భాగములుగా విభజింతురు. కంపెనీ తానే స్వయముగా కాల్చిన ఇంధనము మొదటిది. కొన్న విద్యుత్తు రెండవది. సరకు సమకూర్చువారు, రవాణా, వాడకము మున్నగునవి మూడవది. బట్టలమ్ము కంపెనీల విషయమున భారమంతయు చాలవరకు మూడవ భాగముననే యుండును. ఏలయన నూలు వడకుట, అద్దుట, కుట్టుట ఇతరులచేత చేయించెదరు. కావున "మా దుకాణములలో దీపములన్నియు సూర్యశక్తితో వెలుగుచున్నవి" అను కంపెనీ, అద్దకపుశాల బాయిలరులో కాలు బొగ్గును గూర్చి ఏమనుచున్నదో చూడవలెను.

మూడవది: సగటు సంఖ్యలు. కిలో ప్రత్తిబట్టకు ప్రపంచ సగటున 10,000 లీటర్ల నీరు పట్టునని జల పాదముద్ర లెక్కలు చెప్పుచున్నవి. కాని అందు వాననీరును కలదు, బావినీరును కలదు. తెలంగాణములో ప్రత్తి చాలవరకు వర్షాధారము. వానకు పండిన ప్రత్తికిని, ఎండిపోవు నదినుండి కాలువ త్రవ్వి పండించిన ప్రత్తికిని ఒకే సంఖ్య చెప్పుట న్యాయము కాదు. సగటును ఆధారము చేసికొని "ఈ బట్ట మంచిది, ఆ బట్ట చెడ్డది" అని చీటీ అంటించుట ప్రమాదకరము. హిగ్ సూచిక అను ఇట్టి సగటు లెక్కను ఆధారముగా చూపి ఒక బట్టల కంపెనీ చేసిన ప్రచారము కొనుగోలుదారులను తప్పుదారి పట్టించునదని 2022లో నార్వే దేశపు వినియోగదారుల అధికార సంస్థ తీర్మానించెను.

నాలుగవది: ఎంత భాగమునకు ఈ మాట వర్తించును? నూరు రకముల బట్టలలో ఐదింటికి పచ్చ చీటీ కట్టి, కంపెనీ యావత్తు పచ్చనిదే యని భ్రమింపజేయుట కలదు. దీనిని పచ్చపూత యనవచ్చును. పగిలిన గోడకు సున్నము కొట్టి క్రొత్తదనుట వంటిది. 2022లో నెదర్లాండ్సు అధికారులు ఇట్టి అస్పష్టమైన మాటలను గూర్చి హెచ్. అండ్ ఎమ్., డెకాథ్లాన్ అను రెండు పెద్ద కంపెనీలను ప్రశ్నించిరి. ఆ మాటలను మానుకొందుమనియు, సవరించుకొందుమనియు అవి అంగీకరించి, వరుసగా 5 లక్షల యూరోలు, 4 లక్షల యూరోలు సత్కార్యములకు విరాళమీయుటకు ఒప్పుకొనెను. మన దేశములోను 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇట్టి ప్రకటనలను అరికట్టుటకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది. "పర్యావరణమునకు మేలు" అని వ్రాయువారు అది యెట్లో ఋజువుతో చెప్పవలెనని వాని సారాంశము.

ధ్రువపత్రము చాలునా?

"మాకు ధ్రువపత్రము కలదు" అను మాట వినుచుందుము. ధ్రువపత్రము మంచిదే, కాని అదియు ఒక కాగితమే. 2012 సెప్టెంబరు 11న పాకిస్థానములోని కరాచీ నగరమున అలీ ఎంటర్‌ప్రైజెస్ అను బట్టల కర్మాగారములో అగ్నిప్రమాదము సంభవించి 250 మందికి పైగా కార్మికులు మరణించిరి. కిటికీలకు ఇనుప కడ్డీలు ఉండుటచే లోపలివారు బయటపడలేకపోయిరి. పనివారి భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ధ్రువపత్రము ఆ కర్మాగారమునకు కొన్ని వారముల క్రిందటనే లభించియుండెను. చావడిలోని అజమాయిషీ ఎంత ఘోరమునకు దారితీయునో ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ప్రత్తి రైతులకు మరింత దగ్గరి ఉదాహరణము కలదు. రసాయనములు లేకుండ పండించిన సేంద్రియ ప్రత్తికి మంచి ధర వచ్చునని అందరెరుగుదురు. 2020లో గాట్స్ అను అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణ సంస్థ తన పరిశీలనలో భారతదేశమునుండి 20,000 టన్నుల ముడి ప్రత్తి సేంద్రియమని తప్పుడు పత్రములతో చలామణి యైనదని కనుగొనెను. అందులో పాత్రగల కంపెనీలను బహిష్కరించెను. ఇట్టి మోసమువలన నష్టపడువారు ఎవరు? నిజముగా పురుగుమందులు మాని, వేపగింజల కషాయము కాచి, కష్టపడి పండించిన రైతే. దొంగ సరకు చౌకగా దొరకినప్పుడు నిజమైన సరకునకు ధర రాదు. పూర్వపు ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామము ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో పురుగుమందులు లేని గ్రామముగా తన్ను తాను ప్రకటించుకొనెను. పురుగుమందుల అప్పులలో మునిగిన ప్రత్తి రైతులు ఒకరినొకరు చూచి నేర్చుకొని ఆ మార్గమును పట్టిరి. దానికి సాక్షి కాగితము కాదు, ఊరివారి కన్నులే.

తప్పును ఒప్పుకొను లెక్క

బాధ్యత గల నివేదిక ఎట్లుండును? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1973లో స్థాపింపబడిన పాటగోనియా అను బట్టల కంపెనీ 1996లో తన ప్రత్తిబట్టలన్నిటిని సేంద్రియ ప్రత్తికి మార్చెను. 2011 నవంబరులో, అచ్చటివారు విరివిగా బట్టలు కొను పండుగ అమ్మకముల దినమున, ఒక ప్రసిద్ధ దినపత్రికలో తన కోటు చిత్రమును వేయించి, దీనిని కొనవద్దని ప్రకటించెను. ఆ కోటు తయారీకి 135 లీటర్ల నీరు పట్టినదనియు, దాని బరువునకు 24 రెట్లు బొగ్గుపులుసు వాయువు వెలువడినదనియు, అవసరము లేనిదే కొనక, ఉన్నదానిని బాగుచేసికొని ధరింపుడనియు అందు తెలిపెను. ఆ కంపెనీని దోషరహితమని చెప్పుట మన యుద్దేశము కాదు. దానికి గుడ్డ సమకూర్చు తైవాన్ మిల్లులలో వలస కూలీలు దళారులకు పెద్ద మొత్తములు చెల్లింపవలసివచ్చినదని దాని తనిఖీలలోనే తేలెను. ఆ సంగతిని అది దాచక 2015లో బయటపెట్టెను. మంచి లెక్కకు గుర్తు ఇదియే: అందు లోపములు కూడ వ్రాయబడియుండును. లాభములు మాత్రమే వ్రాసిన చిట్టా ఏ వర్తకుని యింటనైనను అనుమానింపదగినదే.

గ్రామస్థులు చేయదగిన పనులు

పరిశ్రమను ద్వేషించుట పరిష్కారము కాదు. దానిని క్రమములో నుంచుట మన హక్కు, మన విధి. అందులకు ఈ క్రింది పనులు ఉపకరించును.

1. పరిశ్రమ రాకపూర్వమే ఊరిలోని ముఖ్యమైన బావుల నీటిని పరీక్షింపజేసి, తేదీతో సహా పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచుడు. త్రాగునీటిలో టి.డి.ఎస్. లీటరుకు 500 మిల్లీగ్రాములలోపల ఉండుట మేలు. వేరు దారి లేనప్పుడు 2,000 వరకు అనుమతింతురు. మునుపటి లెక్క లేనిచో తరువాత కలిగిన హానిని ఋజువు చేయుట కష్టము. నేలకును ఇట్లే మట్టిపరీక్ష చేయింపవలెను.

2. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము ప్రకారము మురుగు విడుచు పరిశ్రమ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందవలెను. రోజునకు ఎంత నీరు, ఏ స్థితిలో, ఎచ్చట విడువవచ్చునో అందు వ్రాసియుండును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దాని నకలు పొందవచ్చును.

3. పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద పరిశ్రమలలో చాల వాని విషయమున 2006 నాటి ప్రకటన ప్రకారము బహిరంగ విచారణ జరుగును. అట్టి సభకు స్త్రీలు, కూలీలు, రైతులు తప్పక హాజరై, చెప్పదలచినది వ్రాతపూర్వకముగా ఇచ్చి, నకలు దగ్గర నుంచుకొనవలెను.

4. నీరు చెడినప్పుడు నోటిమాటగా తగవులాడుటకన్న, తేదీతో ఫిర్యాదు వ్రాసి ఒక ప్రతి కంపెనీకి, ఒక ప్రతి నియంత్రణ మండలికి పంపుట మేలు. పెద్ద కంపెనీ యైనచో ఆ ఫిర్యాదు దాని వార్షిక నివేదికలో లెక్కకు రావలెను. మరుసటి సంవత్సరము నివేదిక తెరచి చూడుడు. మీరు పది ఫిర్యాదులు పంపియుండగా అచ్చట సున్న యని వ్రాసియున్నచో, మిగిలిన సంఖ్యలను ఎంతవరకు నమ్మవచ్చునో మీకే తెలియును.

5. 2010 నాటి చట్టము క్రింద ఏర్పడిన జాతీయ హరిత ధర్మాసనమునకు దక్షిణ ప్రాంతపు పీఠము చెన్నైలో కలదు. వివాదములను ఆరు నెలలలోపలను, నష్టపరిహారము కొరకైన అర్జీలను ఐదు సంవత్సరములలోపలను దాఖలు చేయవలెను. ఆలసించినవానికి న్యాయము దూరమగును.

పెద్ద నివేదికను ఒక్కరే చదువుట కష్టమైనచో, ఊరిలోని ఉపాధ్యాయుడో, కళాశాలలో చదువుచున్న పిల్లలో గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. నీటికి సంబంధించిన పుటలు కొన్నియే యుండును. ఒక సాయంకాలము చాలును.

మన వంతు

ఇతరుల లెక్క అడుగునప్పుడు మన లెక్కయు సరిగా నుండవలెను. చేనేత ఊళ్లలో రంగుల తొట్టి నీరు వీధి కాలువలోనికి పోవుచున్న చోట్లు లేకపోలేదు. 1997లో ప్రభుత్వము నిషేధించిన హానికరమైన అజో రంగులను చౌకకు ఆశపడి కొనరాదు. సహకార సంఘములు కలిసి అద్దకమునకు ఒకే చోటు ఏర్పరచుకొని, మురుగును అచ్చటనే శుద్ధి చేయించుట లాభకరము. ప్రత్తి చేనిలో పురుగుమందు అవసరమును మించి చల్లుటయు మన నీటికే కీడు. బట్టను చినుగువరకు ధరించి, చినిగినదానిని బొంతగా కుట్టుకొను మన పెద్దల అలవాటు పేదరికపు గుర్తు కాదు. నేడు ప్రపంచ దేశములు మరల నేర్చుకొన యత్నించుచున్న పొదుపు.

నొయ్యల్ తీరపు రైతులు కంపెనీల పుస్తకములు చదివి తమ నదిని గూర్చి తెలిసికొనలేదు. వారి బావి నీరే వారికి చెప్పినది. కాని వారు చదువనేర్చి, అడుగనేర్చి, కూడబలుకుకొని నిలిచినప్పుడే ఇతరులు వినిరి. నివేదిక యెంత మంచిదైనను దానికి తుది తనిఖీదారు నదియొడ్డున నివసించు మనుష్యుడే. ఆ అజమాయిషీ బాధ్యతను మనము విడువరాదు.

అభ్యాస ప్రశ్నలు

1. తేటగా కనుపించు అద్దకపు నీరు పొలమునకు ఎందువలన హాని చేయగలదు?
2. చొక్కాకు అగు నీరు తగ్గినను, వాగునుండి తీయు నీరు పెరుగుట ఎట్లు సాధ్యము? లెక్క వేసి చూపుడు.
3. మీ గ్రామములోని మూడు బావుల నీటి టి.డి.ఎస్. ఎంత? ఎవరు, ఎప్పుడు పరీక్షించిరి?
4. మీ ప్రాంతమునకు సమీపముననున్న నూలు మిల్లు లేక అద్దకపుశాల అనుమతి పత్రములో రోజునకు ఎంత మురుగు విడువవచ్చునని యున్నది? గ్రామసభలో చర్చింపుడు.